చెప్పకుండా తీసుకున్న జామీను

మా ఇంట్లో టీవీ పక్కన ఒక చెక్క పళ్ళెం ఉంది. శ్రీనివాసపురం వైపు నుంచి వచ్చిన మామిడి చెక్క. లేతు మీద తిప్పి, నునుపు తీసి, నూనె పట్టించిన పని. (లేతును పాతవాళ్ళు తరిమెన అనేవాళ్ళు. మా వైపు ఆ మాట ఇప్పుడు వినపడదు.) పళ్ళెం రెండు అంచుల నుంచి నల్లని కొమ్మలు బయలుదేరి, చీలి, మళ్ళీ చీలి, నడుమ ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు కలుసుకుంటాయి. ఎండిన ఏరును కొండ మీద నుంచి చూసినట్టు ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళు చేతిలోకి తీసుకుని "ఎవరు చెక్కారండీ?" అని అడుగుతారు. ఎవరూ చెక్కలేదు. కరెంటు కాల్చింది.

పోయిన దసరాకు మా మేనల్లుడు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. మాది కోలారు బంగారు గనుల ఊరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక, మారికుప్పం నుంచి బెంగుళూరుకు పోయే రైలే మా పిల్లలకు అన్నం పెడుతున్నది. వీడూ అంతే. వారమంతా రైలు, ఫ్యాక్టరీ. ఆదివారం మాత్రం పెరట్లో రేకుల కొట్టం, అందులో పాత లేతు ఒకటి. బొంగరాలు, గిన్నెలు, అప్పడాల కర్రలు తీస్తాడు. చేతిలో పని ఉన్నవాడు.

"చూడు మామా, ఇది చేత్తో గీస్తే వచ్చేది కాదు. ఒకటి వచ్చినట్టు ఇంకొకటి రాదు" అన్నాడు.

"అబ్బ, ఎంత బాగుందిరా!" అన్నాను. ఆ మాట అన్నవాణ్ణి గనుకనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ముద్ర పథకం కింద శిశు రుణం, 50 వేలు కావాలన్నాడు. పెద్ద లేతు కొని ఇలాంటి పళ్ళేలు, గిన్నెలు చేసి బెంగుళూరు అంగళ్ళకు వేస్తాడట. అప్పుడు గాని నాకు అడగాలని తోచలేదు, ఈ బొమ్మ ఎలా పడుతుందిరా అని. ఎవరో పారేసిన మైక్రోవేవ్ ఓవెనులోంచి ట్రాన్స్‌ఫార్మరు ఊడదీసి, దాని కరెంటును చెక్కకు పట్టిస్తాడట. వీడియోల్లో చూసి నేర్చుకున్నాడు. ఇంతకు మించి ఆ పద్ధతి ఇక్కడ రాయను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మకు మాత్రం చెప్పొద్దు మామా, ఊరికే భయపడుతుంది" అన్నాడు.

నేను బీకాం చదివినవాణ్ణి. కరెంటు గురించి నాకు తెలిసింది బిల్లు కట్టడమే. అందుకని గనుల విద్యుత్తు విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ను అడిగాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. గ్యాసు పొయ్యి లైటరులోనూ వేల వోల్టులు పుడతాయి. కానీ అందులో సరుకుండదు, వేలికి చురుక్కుమని వదిలేస్తుంది. ఓవెను ట్రాన్స్‌ఫార్మరు అలాంటిది కాదు. సుమారు 2000 వోల్టులు ఇస్తుంది, వందల మిల్లీ ఆంపియర్లను తోస్తుంది. గుండె లయ తప్పడానికి అందులో కొద్ది భాగం చాలు.

"ఇంట్లో ట్రిప్పరు పెట్టించానంటున్నాడు గదా" అన్నాను. మనలో చాలామంది ఇదే అనుకుంటారు గనుక ఆయన చెప్పింది వివరంగా రాస్తాను. ఇంటి బోర్డులో ఉండే ఆ పరికరం చేసేది ఒక రకం లెక్క సరిచూడటమే. పోయిన కరెంటు ఎంత, తిరిగొచ్చింది ఎంత? రెండింటికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే కట్టేస్తుంది. సాయంత్రం క్యాషు సరిచూసే క్యాషియరు పని అన్నమాట. కానీ ట్రాన్స్‌ఫార్మరుకు అవతలి చుట్ట వేరే లెక్క. అక్కడ పుట్టిన కరెంటు అక్కడికే తిరిగిపోతుంది. మధ్యలో మనిషి ఉన్నా సరే, బోర్డులోని పరికరానికి జమ, ఖర్చు రెండూ సరిపోయినట్టే కనబడతాయి. ఫ్యూజు కూడా పోదు. అంత కరెంటును అది రోజూ చూస్తూనే ఉంటుంది. అంగట్లో దొరికే రబ్బరు చేతి తొడుగుల సంగతి అడిగితే ఆయన జవాబే చెప్పలేదు. మనిషి పోతున్నా పుస్తకాల్లో తేడా కనపడదన్న మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆడిట్లు చూసిన వాళ్ళకు ఆ భయం తెలుస్తుంది.

ఈ పని మా వాడొక్కడిది కాదు. అమెరికాలో చెక్క తిప్పేవాళ్ళకు 1986 నుంచీ ఒక పెద్ద సంఘం ఉంది, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్. కొత్త కొత్త పనితనాలను నేర్పడానికే పెట్టుకున్న సంఘం అది. అలాంటి సంఘం తమ సభల్లో ఈ కాల్పుడు పనిని చూపించరాదనీ, తమ పత్రికల్లో వద్దని హెచ్చరించే రాతలు తప్ప దీని మీద మరేమీ వేయబోమనీ కట్టడి చేసుకుంది. 2022 నాటికి వాళ్ళ లెక్కకు వచ్చిన మరణాలే 30కి పైగా ఉన్నాయి. ఆ ఏడు ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ఇల్లు కాలిపోతే భార్యాభర్తల శవాలు దొరికాయి. ఈ పని చేస్తూ కరెంటు తగిలి పోయారని, నిప్పు అంటుకున్నదీ ఆ సామానువల్లేనని అక్కడి పోలీసులు తేల్చారు. అదే ఏడు ఆస్ట్రేలియాలో ఆన్ రియర్డన్ అనే ఆవిడ, వంటల వీడియోలు చేసే ఆహార శాస్త్రజ్ఞురాలు, దీన్ని చేయకండి అని హెచ్చరిస్తూ ఒక వీడియో పెట్టింది. యూట్యూబు వాళ్ళు దాన్ని ప్రమాదకరమని తీసేశారు. ఎలా చేయాలో నేర్పే వీడియోలు మాత్రం అలాగే ఉన్నాయి. జనం గోల చేశాక ఆవిడ వీడియోను మళ్ళీ పెట్టారు.

ఇంతకీ ఆ బొమ్మ కొత్తదేమీ కాదు. 1777లో జర్మనీలోని గోటింగెన్‌లో లిహ్టెన్‌బెర్గ్ అనే ప్రొఫెసరు విద్యుత్తు మీద ప్రయోగాలు చేస్తుండగా, గుగ్గిలం పలక మీద వాలిన దుమ్ము తనంతట తాను నక్షత్రాల్లా, కొమ్మల్లా పేరుకోవడం చూశాడు. ఆ ఆకారాలకు ఆయన పేరే ఉండిపోయింది. పొడిని విద్యుత్తు పట్టి ఉంచడమన్న ఆ సంగతి మీదే 1938లో కార్ల్‌సన్ కనిపెట్టిన కాపీ యంత్రం పనిచేస్తుంది. మా బ్యాంకులో పొద్దున్నించి సాయంత్రం దాకా తీసే జిరాక్సులన్నీ ఆ వంశమే. ఆ ప్రొఫెసరు గొప్ప రచయిత కూడా. తోచినవన్నీ రాసుకునే నోటు పుస్తకాలకు ఆయన ఇంగ్లీషు వర్తకుల చిట్టా పేరు పెట్టుకున్నాడని తెలిసి నాకు ముచ్చటేసింది. వర్తకుడు ముందు చిట్టాలో గిలికి, తర్వాత గదా ఆవర్జాకు ఎక్కించేది! పిడుగుపాటుకు గురై బతికిన వాళ్ళలో కొందరి ఒంటి మీద ఇదే కొమ్మల బొమ్మ ఎర్రగా తేలుతుందట. ఒకటి రెండు రోజుల్లో మాయమైపోతుందట. మా వాడి పళ్ళెం మీద మాత్రం మాయం కాదు.

అందమైనదే, కాదనను. ఈ విషయంలో నన్ను ఇరకాటంలో పెట్టింది కూడా ఆ అందమే. ప్రమాదం వికారంగా ఉంటే దానితో వాదన ఉండదు.

మా వాడి వాదన మాత్రం చిన్నది, గట్టిది. "నా ప్రాణం గదా మామా. నేనేమన్నా ఇంకొకర్ని చేయమన్నానా?" బీకాంలో ఎకనామిక్సు పేపరు కోసం జాన్ స్టూవర్ట్ మిల్లు పేరు బట్టీ పట్టిన వాళ్ళలో నేనొకణ్ణి. ఆయనే 1859లో స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకంలో ఒక వంతెన ముచ్చట చెప్పాడు. వంతెన పాడైపోయిందని తెలియక ఒకడు దాని మీదికి పోతుంటే పట్టి ఆపవచ్చు. కానీ అది అపాయమని తెలిసీ పోతానంటే, హెచ్చరించి వదిలేయాల్సిందే, ఆపరాదు. మా వాడు మిల్లును చదవలేదు గాని, చదివి ఉంటే ఇంతకంటే బాగా చెప్పలేడు. నిజం చెప్పాలంటే నాకు ఆ మాటను కొట్టిపారేయడం చేత కాలేదు. ఈ దేశంలో ఊరికే బైకు మీద పోవడమూ అపాయమే గదా అని వాడంటే ఏం చెప్పను?

మా తాత గుర్తొచ్చాడు. చిత్తూరు వైపు నుంచి వచ్చి ఛాంపియన్ రీఫు గనిలో చేరాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన గని అది. 1902లోనే కావేరి మీద శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. అంత ఖర్చు, అంత తెలివి, అన్ని ప్రాణాలు, చివరికి మెడలో గొలుసు కోసమే. నగ కోసమే. మరి మా తాత చేసింది తప్పు కానప్పుడు, మునిమనవడు చేసేది తప్పెలా అవుతుంది?

తాత ఆకలికి దిగాడు, వీడు సరదాకు దిగుతున్నాడు అని తేల్చేయవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. కానీ అది సరైన తేడా కాదు. ఆకలితో చేసేదానికే విలువ, ఇష్టంతో చేసేదానికి లేదు అంటే, రాతి మీద ఉలి పెట్టిన శిల్పులంతా దోషులే. అసలు తేడా మా అవ్వ దగ్గర ఉంది. భూమి లోపల రాయి పగిలితే మా ఊళ్ళో ఇళ్ళు అదిరేవి. అల్మరాలో గిన్నెలు గణగణమనేవి. అవ్వ చేతిలో పని వదిలేసి గని వాకిట్లోకి పరిగెత్తేది. ఆమెకు తెలుసు. ఏ షిఫ్టో తెలుసు, ఎన్ని అడుగుల లోతో తెలుసు, తాత రాత్రిళ్ళు దగ్గే దగ్గు ఎటు పోతుందో కూడా తెలుసు. బతికుంటే బలుసాకు తినొచ్చు, మానేయమని రోజూ పోరింది. ఆయన మానలేదు. ఆకలి ఆమె చేత సంతకం పెట్టించింది, నిజమే. అయినా ఆమె కాగితం చదివి పెట్టిన సంతకం అది.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పుకోక తప్పదు. జామీనులో ముగ్గురుంటారు. అప్పు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు, వాడు కట్టకపోతే నేను కడతానని నిలబడ్డవాడు. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 143వ సెక్షను ఉంది. అప్పిచ్చినవాడు ముఖ్యమైన సంగతిని చెప్పకుండా మౌనంగా ఉండి జామీను పుచ్చుకుంటే, ఆ జామీను చెల్లదు. నోరు తెరిచి అబద్ధం ఆడటం గురించి వేరే సెక్షను ఉంది. ఇది మౌనం గురించే. ముప్పై ఏళ్ళుగా ఈ సెక్షను నాకు తెలుసు. జామీనుదార్లను కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపించి, "అర్థమైందా అమ్మా" అని అడిగి సంతకాలు తీసుకున్నాను.

"నా ప్రాణం" అని మా వాడు ఒంటరి పద్దు రాసుకున్నాడు. కానీ ఆ పద్దుకు జామీనుదారు మా చెల్లెలు. వాడి పెళ్ళాం కూడా. ఆదివారం కొట్టంలో చప్పుడు ఆగిపోతే మొదట పరిగెత్తి వాడి చేయి పట్టుకునేది వాళ్ళే. కరెంటున్న ఒంటిని పట్టుకుంటే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ముప్పై నలభై ఏళ్ళు కట్టాల్సింది కూడా వాళ్ళే. వాళ్ళు ఏ కాగితమూ చదవలేదు. మిల్లు వంతెన మీద ఒక్కడే నడుస్తాడు. అవతలి గట్టున ఎవరు కాచుకుని ఉన్నారో ఆయన చెప్పలేదు.

ఇంతవరకూ వాడి తప్పు గురించే ఆలోచించాను. ఒక రాత్రి సెక్షను మాటలు మళ్ళీ గుర్తు చేసుకుంటే ఒళ్ళు జల్లుమంది. చట్టం మౌనంగా ఉండొద్దన్నది అప్పు తీసుకున్నవాణ్ణి కాదు, ఇచ్చినవాణ్ణి. మరి ఈ లెక్కలో అప్పిచ్చినవాడు ఎవరు? వాడి సాహసం వల్ల లాభం పొందింది ఎవరు? పళ్ళేన్ని టీవీ పక్కన పెట్టుకుని, వచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది ఎవరు? "ఎంత బాగుందిరా" అన్న మాటే నేనిచ్చిన పెట్టుబడి. ఆ మాట కోసమే వాడు రెండోది చేశాడు, మూడోది చేశాడు. అమ్మకు చెప్పొద్దంటే సరేనని ఊరుకున్నది కూడా నేనే.

కొనేవాళ్ళే తమకు కావలసింది అడిగి ఇలాంటివి సరిచేయించరా అని ఎవరైనా అనవచ్చు. కొన్నిసార్లు చేయిస్తారు. మన ఏటికొప్పాక లక్క బొమ్మల్లో రసాయనపు రంగులు పోయి మళ్ళీ ఆకుల, గింజల రంగులు రావడానికి, 2023లో పద్మశ్రీ అందుకున్న సి.వి. రాజు గారు ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. ఆ బొమ్మను పిల్లవాడు నోట్లో పెట్టుకుంటాడు. అపాయం కొనేవాడి ఇంట్లోకి వచ్చింది గనుక కొనేవాడు రంగు సంగతి అడుగుతాడు. మా వాడి పళ్ళేన్ని పసిపిల్ల నాకినా ఏమీ కాదు. ప్రాణాపాయమంతా కొట్టంలోనే ఉండిపోయి, మన ఇంటికి అందం మాత్రమే వస్తుంది. ఇక కొనేవాడు ఏమని అడుగుతాడు?

రుణం సంగతి సులువుగానే తేలేది. దగ్గరి బంధువుల అప్పు నేను మంజూరు చేయరాదు. ఫైలు పక్క సీటుకు తోసేస్తే నా చేతికి అంటదు. ఆ దరఖాస్తులో యంత్రం ధర, ముడిసరుకు, నెలసరి అమ్మకం అన్నీ రాయాలి. ఈ పనిలో ఎవరి ప్రాణమైనా పోవచ్చా అని అడిగే గడి మాత్రం లేదు. నేను తోయలేదు. ఉత్త లేతు పనికైతే వేరే అధికారికి నేనే చెప్పి పంపిస్తాను, ఈ కాల్పుడు పనికి వద్దు అన్నాను. వాడి మొహం మాడిపోయింది.

తర్వాత ఒక ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మాట తప్పుతున్నానని తెలుసు. వాడు నన్ను నమ్మి చెప్పాడు. నమ్మకం కూడా ఒక ఆస్తే, దాన్ని ఖర్చు పెట్టేశాను. అనపకాయల కాలం. ఆమె చాట ముందు పెట్టుకుని గింజలు ఒలుస్తున్నది. ట్రాన్స్‌ఫార్మరు, 2000 వోల్టులు, విస్కాన్సిన్, అన్నీ నాకు చేతనైన తెలుగులో చెప్పాను. ఒకవేళ ఎప్పుడైనా వాడు పడిపోయి కనబడితే వాణ్ణి ముట్టుకోకుండా ముందు ఏ స్విచ్చి ఆపాలో కూడా చెప్పాను. ఆ మాట చెబుతుంటే నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె ఒలవడం ఆపలేదు. అంతా విన్నాక అన్నది: "ఆ తట్టను చూసి శానా బాగుందంటివంట గదన్నా. వచ్చినోళ్ళకంతా చూపిస్తా ఉండావంట. ఇంక నేను వద్దంటే వాడు వింటాడా?" మా వైపు పళ్ళేన్ని తట్ట అంటాం.

నా దగ్గర జవాబు లేదు. లోపల కొట్టంలో లేతు తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. అది ఉత్త లేతు చప్పుడే.

మూడు నెలలు వాడు నాతో మాట్లాడలేదు. ఉగాదికి వచ్చి కాళ్ళకు దండం పెట్టి, ఆ సామాను పాత ఇనుము వాడికి వేసేశానన్నాడు. నేను నమ్మాను. అప్పు ఇచ్చాక సరుకు ఉన్నదో లేదో వెళ్ళి చూసి రావడం మా ఉద్యోగంలో భాగం. ఆ కొట్టంలోకి మాత్రం ఇంకా తొంగి చూడలేదు.

పళ్ళేన్ని ఏం చేయాలో తోచలేదు. పారేయడానికి చేయి రాలేదు, దాచేస్తే అదీ ఒక రకం మౌనమే. టీవీ పక్కనే ఉంచాను. పోయిన వారం మా ఆవిడ తరఫు బంధువు ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇలాంటిది మా కొత్త ఇంటికి ఒకటి చేయించి పెట్టండి, ఎంతైనా ఇస్తాను" అన్నాడు. కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. కాఫీ చల్లారిపోయింది. ఆయన అంతా విని, "అయ్యో" అని పళ్ళేన్ని జాగ్రత్తగా కింద పెట్టాడు. కాసేపాగి మళ్ళీ తీసుకుని చూశాడు.